చుట్టపుచూపు

నూక్ ఆసుపత్రి కింది అంతస్తులో
బాయిలర్ గది పక్కన నా బల్ల.
గోడమీది తెరలో పద్నాలుగు గడులు.
గడికో ల్యాప్‌టాప్, దానికో నర్సు,
ఆ నర్సుకో పడవో, హెలికాప్టరో, కుక్కల బండో.

సర్వర్లు వేరు, ఇంటిపట్టున ఉండే రకం.
ఎప్పుడు పిలిచినా "ఆఁ" అంటాయి.
పలకలేదంటే లేచి పరిగెత్తాల్సిందే.
ఇవి అలా కాదు.
నెట్‌వర్క్‌కి చుట్టపుచూపుగా వస్తాయి,
బూట్లు విప్పీ విప్పకముందే మళ్లీ బయల్దేరతాయి.

నేను చేరిన కొత్తలో వీటినీ సర్వర్లలాగే చూశాం.
అయిదు నిమిషాలకోసారి తలుపు తట్టడం,
జవాబు లేకపోతే ఎర్రగడి, నా ఫోన్‌లో మోత.
తెల్లారేసరికి పదిన్నరయ్యే డిసెంబరులో
తెల్లార్లూ మోత.
పదమూడు ఎర్రగడులు, ఒక్కటి పచ్చగడి.
ఆ పచ్చది నా సొంత ల్యాప్‌టాప్!
రెండో నెలకి ఎరుపు నా కంటికి ఆనడం మానేసింది.
అన్నిటికన్నా అదే భయం.

మౌనం అర్ధాంగీకారమంటారు.
ఇక్కడ మౌనానికి అర్ధమూ లేదు, అర్థమూ లేదు.
బ్యాటరీ గడ్డకట్టిందా, నీళ్లపాలైందా,
లేక ఊరికే, ఎవరి సంచిలోనో
మూతేసుకుని నిద్రపోతోందా?

"తొమ్మిదో నంబరు పోయినట్టు రాసెయ్,
కొత్తది పంపుతాం" అన్నాడు
కోపెన్‌హాగెన్ నుంచి మా పై అధికారి టోర్‌కిల్ద్.
తొమ్మిదోది ఇనాలుక్ దగ్గరుంది,
తూర్పు తీరాన, సెర్మిలిగాక్‌లో.
పంతొమ్మిది రోజులుగా ఉలుకూ పలుకూ లేదు.
మంచు మూసుకుంటే పడవ లేదు,
గాలి లేస్తే హెలికాప్టర్ లేదు.
కొత్తది దేనిమీద పంపుతాడో అడగాలనిపించి ఊరుకున్నా.

మంగళవారం మధ్యాహ్నం నాలుగంటే నాలుగు నిమిషాలు
తొమ్మిదో గడి వెలిగింది.
దాచుకున్న పంతొమ్మిది రోజుల కబుర్లు
ఒక్క ఊపిరిలో కుమ్మరించింది.
గడియారం ఏడు నిమిషాలు ముందుంది, తీసేసుకుని చదివాను.
డిస్కు తొంభై ఏడు శాతం నిండింది.
బ్యాటరీ ఒకసారి పదకొండుకి దిగి పైకెక్కింది.
తర్వాత ఒక రాత్రి –
రెండూ పదికి మూత తెరిచారు, మూశారు.
రెండూ నలభైకి తెరిచారు, మూశారు.
మూడూ పదికి.
మూడూ నలభైకి.
మర్నాడు రాత్రీ అంతే, ఆ మర్నాడూ అంతే.
మూడో రాత్రి నాలుగూ పదికి మూశాక
రెండు రోజులు ఎవరూ తెరవలేదు.

లోపల ఏం రాసిందో నాకు కనిపించదు,
కనిపించకూడదు.
అరగంటకోసారి ఎవరి ఊపిరి లెక్కపెట్టిందో,
చివరికి ఇద్దరూ నిద్రపోయారో,
లెక్కపెట్టాల్సిన అవసరం తీరిపోయిందో.
రెండు రోజుల ఖాళీలో రెండూ పడతాయి.

డిస్కు ఖాళీ చెయ్యమని రాశాను.
జవాబు ఒక్క ముక్క:
"కోటులో పెట్టుకుని పడుకుంటున్నా, అందుకే బతికుంది.
డిస్కు సంగతి తర్వాత."
గడి ఆరిపోయింది.

ఆ వారమే తలుపు తట్టడం మానేశాను.
మూత మూసేముందు పెట్టే ఒక ప్రశ్న అడుగుతుంది:
మళ్లీ ఎన్నాళ్లకి?
ఒక అంకె నొక్కితే చాలు.
వెళ్తున్నా అని కాదు,
వెళ్లొస్తా అని చెప్పి వెళ్లడం.
గడువు దాటేదాకా ఆ గడి ఎర్రబడదు, పచ్చబడదు,
తీరం వదలని పాత మంచు రంగులో ఉంటుంది.
"ఇదేం రంగు? పట్టికలో లేదే" అన్నాడు టోర్‌కిల్ద్.
చేర్చుకోండన్నాను.

ఇప్పుడు మోతలు తక్కువ.
మోగితే మాత్రం కుర్చీ వెనక్కి పడేలా లేస్తాను.

ఇనాలుక్ పన్నెండు అని నొక్కి వెళ్లింది.
ఇవాళ పదమూడు.
తూర్పున గాలి నిన్నటి నుంచీ తగ్గలేదు.
ఒక రోజు వెసులుబాటు ఇచ్చాను కాబట్టి
ఫోన్ రేపటిదాకా మోగదు.
వెసులుబాటు ప్రోగ్రాముకిచ్చాను,
నాకు కాదు.
బాయిలర్ ఆగినప్పుడల్లా తెరకేసి చూస్తున్నాను.