నీళ్లదిక్కు దర్వాజ

సోమవారం జనం పలుచన.
టికెట్ల కట్టకు రబ్బరు బ్యాండు చుట్టి
పాత క్యాలెండర్ వెనుకకు తిప్పినం,
నేను, వాచ్‌మన్ ఓదెలు, చాయ్‌బండి గౌసియా.
రాతిగోడకూ మట్టికట్టకూ నడుమ పుట్టి
అక్కడ్నే ముసలోళ్లమైతాన్నోళ్లం
కోటలు చూడ పోతానమంటే
నవ్వరా ఎవలన్న?
"సముద్రం ఒడ్డువి వేరేనే" అంటది గౌసియా,
"రాత్రిపూట గూడ వాటి గోడల్ని ఎవలో తడుతాంటరు."

మొదలు బందరు రాసినం.
బెజవాడల దిగి బస్సు.
తర్వాత భీమిలి. డచ్చోళ్ల సమాధులున్నయట.
"సమాధులకు ఇంత ఛార్జీనా?"
ఓదెలు కొట్టేసిండు.
గౌసియా మళ్ల రాసింది.
నేను దీవు అని రాస్తె
ఇద్దరూ నా మొఖం చూసిండ్రు.
రెండు రాత్రుల రైలు, మోకాళ్ల నొప్పి,
బండి ఎవలు నడుపుతరు, లీవు ఎవలిస్తరు...
అక్షరాలను జర చిన్నగ చేసిన గని
కొట్టెయ్యలే.

ఓదెలుకు పాకాల తెలుసు, లక్నవరం తెలుసు.
అవతలి ఒడ్డు లేని నీళ్లు ఎరుకలే.
బీడీ గోడకు రాసి ఆర్పి అడిగిండు:
"మన కందకంల నీళ్లెందుకు నింపిండ్రు?"
పగోడు రాకుండ.
"మరి వాళ్లకు నీళ్లదిక్కే దర్వాజనాయె.
వచ్చేటోడు బేరగాడో, దొంగోడో
తెరచాప చూసి ఎట్ల గుర్తువడుతరు?"
చాయ్ పొంగి పొయ్యి మీద పడ్డది.
ఎవ్వలం చెప్పలే.

మోటుపల్లి సంగతి నేనెత్తిన.
ఇరవై రెండేండ్లు గైడ్లు చెప్పంగ విని విని
నోటికొచ్చిన ముచ్చట.
గాలివానకు ఒడ్డుకు కొట్టుకచ్చిన ఓడల సరుకును
అంతకుముందు రాజులు గుంజుకునేటోళ్లట.
మన రాజు, ఈ గుట్టల నడుమ కూసుండి,
భయపడకుండ్రి, సుంకం కట్టుండ్రి,
మీ సొమ్ము మీరే కొంటవోండ్రని
స్తంభం మీద చెక్కిచ్చిండట.
"కోట లేదా ఆడ?"
"ఎరుకలే. రాయైతె ఉన్నదట."
గౌసియా పెన్ను గుంజుకొని
బందరుకు మీద, ఇరుకు జాగల
మోటుపల్లిని దూర్చింది.
చీరాలల దిగాలె.
ఎండలు వద్దు, తుపాన్ల నెల వద్దు,
మిగిలింది మాఘం.

గప్పుడే ఓ కుటుంబం వచ్చింది.
కూలిన కంబాల నడుమ పిల్లలు ఉరికిండ్రు,
నాలుగు తోరణాల కింద నాలుగు ఫోటోలు,
చాయ్ చల్లారకముందే బయటికొచ్చి
నన్నే అడిగిండ్రు:
"ఇంతేనా?"

దినాం వినే మాటే.
సగం చింపిన టికెట్లు ఏరుకుంట
ఎన్నడూ పట్టించుకోలే.
ఇయ్యాల్నే ఎందుకో గుండెల గుచ్చుకున్నది.
బందరుల, ఉప్పుగాలికి పెచ్చులూడిన గోడ ముందట
చెప్పులల్ల ఇసుకతోని నిలవడి
నా నోట్లెకెల్లి గూడ గదే మాట వస్తెనో?

ఓదెలు లాఠీ అందుకొని లేచిండు.
"వస్తె రానియ్యి.
ఆడ గూడ టికెట్లు చింపే ఒకామె ఉంటది గద,
ఆమెకు వినవడకుండ అను."

క్యాలెండర్‌ను నాలుగు మడతలు వెట్టి
గల్లాపెట్టెల పడేసిన.
దీవు మడత మీద వచ్చింది.
తీసి మళ్ల మడిచిన,
ఈసారి జర పక్కకు.