వెంట్రుకవాసి

పాత బూట్ల కుప్పల దొరికినయట,
బేరమాడితే రెండు వందల యాభై.
ఫాతిమానగర్ స్టెల్లా మేరీ సంచి బోర్లించి
నా లేత్ బల్ల మీద పెట్టింది.
నల్లటి బూట్లు, చీలమండ దాకా గట్టి తోలు.
అడుగున చక్రం లేదు, మడమ లేదు,
కత్తి ఉన్నది.

"ఇవి మంచుగడ్డ మీద ఆడేటియి, యాకూబ్ మామా.
కత్తి తీసేసి చక్రాలు పెట్టియ్యి.
కొత్తయి కొనాలంటే పద్దెనిమిది వేలు."

మంచుగడ్డ అంటే నాకెరుకైంది ఒక్కటే,
దర్గాకు పోయే దారిల ఐసు ఫ్యాక్టరీ,
ఊకల పండబెట్టిన దిమ్మె.
దాని మీద నిలబడి కర్రలతోని కొట్లాడుకునే మనుషులుంటరని
యాభై నాలుగేండ్లకు తెలిసింది.

నాలిక లోపట ఎవరిదో పేరు,
సగం చెమటకు పోయింది.
చదవరాలేదు.
తుడువ బుద్ధి కాలేదు.

రివిట్లు లెక్కపెట్టిన: ముందట ఎనిమిది, మడమకు ఆరు.
తలలు డ్రిల్లుతోని చెక్కి వెనక నుంచి తడితే
పాలపండ్ల లెక్క ఊడొచ్చినయి.
ఒక్కటి మాత్రం తుప్పుపట్టి మొండికేసింది.
దానితోనే ఆ పూటంతా పోయింది,
షెడ్డు వాళ్ల బుష్షుల పని పక్కకు పడ్డది.

మడికొండ తుక్కుల తూకానికి తెచ్చిన
అల్యూమినియం చానల్ కోసి చట్రం చేసిన.
బేరింగులు నా డబ్బాలనే ఉన్నయి,
మిక్సీ మోటర్లకు ఏసే ఆరు సున్నా ఎనిమిదులు.
చక్రాలు పట్నం నుంచి కొరియర్ల వచ్చినయి.

కత్తిని బల్ల మీద నిలబెట్టి చూస్తే
అంచు నేరుగ లేదు,
ముందట, వెనక, రవ్వంత లేచి ఉన్నది.
తప్పు అనుకున్న. తప్పు కాదు.
మనిషి గిర్రున మళ్లాలంటే పాదం కింద ఆ వంపు ఉండాలె.
అందుకే మొదటి చక్రానికీ ఆఖరిదానికీ
తూట్లు రెండు మిల్లీమీటర్లు పైకి కొట్టిన.

కొత్తవాడ జంపఖానా నూలు
మడమ నడుమ నుంచి రెండో వేలి దాకా పట్టి గీత గీసిన.
పాత తూట్లు ఎం-సీల్‌తోని పూడ్చిన.
బూటు రెండు సైజులు పెద్దది,
ముందట ఇంత పత్తి కుక్కింది పిల్ల.

ఎండకాలం. ఏనుమాముల యార్డు ఖాళీ.
ఎకరాలకెకరాలు సిమెంటు,
మూలల్ల నిరుటి పత్తి పోగులు.
కట్టుకున్నది, లేచింది, జారింది.
పది గజాలు పోంగనే కుడికాలు
ఎడమకాలి దిక్కు గుంజుడు మొదలుపెట్టింది.
ఆపరాక పోయి కాంటా షెడ్డు గుంజను కావలించుకున్నది.

నూలు పెట్టి చూసిన. స్కేలు పెట్టి చూసిన.
అంతా సక్కగనే ఉన్నది.

వాళ్ల నాయిన ఇన్నయ్య, రైల్వే గ్యాంగు మేటు,
ఆడపిల్లకు ఇదేం ఆటని
పొద్దటి సంది మాట్లాడనోడు,
బీడీ పారేసి వచ్చిండు.
తువ్వాల పరిచిండు,
కాలే సిమెంటు మీద చెంప ఆనిచ్చి పండుకున్నడు.
ఒక కన్ను మూసిండు.
పట్టా వంకర చూసేటప్పుడు
ఇరవై ఆరేండ్లు ఎట్ల చూసిండో అట్ల.

"కుడిది. మడమ కాడ. లోపటికి.
వెంట్రుకవాసి."

కూల్‌డ్రింకు డబ్బా కత్తిరించి
గోరంత రేకు సందుల పెట్టి బోల్టు బిగించిన.
మళ్ల పండుకొని చూసిండు.
"ఇంక పోనియ్యి" అన్నడు, లేవకుండనే.

పోయింది.
సిమెంటు మీద ఎనిమిది చక్రాల చప్పుడు
దూరం పోయి, షెడ్డు రేకులకు తగిలి తిరిగొచ్చింది.
గాలికి పత్తి లేచింది.
పత్తి అనే అనుకున్న నేను, ఇంకేం అనుకోలేదు.
ఇన్నయ్య చెంప మీద సిమెంటు గరుకు అచ్చు పడ్డది,
చాన సేపు తుడుచుకోలేదు.

కత్తులల్ల ఒకటి మేకుకు యాలాడుతున్నది.
ఇంకోటి చెక్కకు బిగిస్తే కత్తిపీట అయింది.
హఫీజా దాని మీద బెండకాయలు తరుగుతది.
పొద్దున్నే ముట్టుకుంటే సల్లగుంటది సూడు,
ఆ దేశం సలి ఇంకా పోలే, అంటది.

ఇనుము ఏదైనా పొద్దుగాల సల్లగనే ఉంటది.
ఆ మాట అనలేదు.