కొసరు

డాన్యూబ్ గడ్డకట్టే నెల.
సిరాబుడ్డిని చంకలో పెట్టి వెచ్చబెట్టుకుంటూ
రాస్తున్నాను నరకాన్ని.

కల నాది కాదు. జ్వరంలో తొమ్మిది రాత్రులు
తెలివి తప్పి పడున్న ఓ గొర్రెల కాపరిదట.
ఎవరో పాదిరీ దాన్ని లాటిన్ పద్యాల్లో పెట్టాడు.
పెద్దక్క హైల్విగ్ గీసిచ్చిన గీతల మీద
రోజుకు రెండు పుటలు, అంతే నా పని.

పొద్దున్నే దాటేశాను మొదటి లోయ.
దొంగసాక్షులు అక్కడ తమ నాలుకల్ని పడుగు చేసి
మగ్గం నేస్తున్నారు.
తాగుబోతు సన్యాసి ఒకడు
అడుగులేని పీపాని పుక్కిళ్ళతో నింపుతున్నాడు.
అక్కడ నవ్వొచ్చింది నాకు, ఎవరో గుర్తొచ్చి.
పక్క బల్ల మీంచి గెర్బిర్గ్ తలెత్తి చూసింది.

మధ్యాహ్నపు గంట కొట్టాక
మరవాళ్ళ దగ్గరికొచ్చాను.

ఎర్రగా కాలిన మానికలతో బూడిద కొలుస్తారు వాళ్ళు.
కొలిచింది కొలిచినట్టే గాలికి పోతుంది.
ఒక్కొక్కడి బొటనవేలూ తిరగలి రాయంత.
దాన్ని ఈడ్చుకుంటూ మళ్ళీ
బూడిద కుప్ప దగ్గరికి.

మా నాన్న ఒట్బెర్ట్. లాబర్ వాగు మీద మర ఆయనది.

తూచేటప్పుడు తక్కెడ వైపు చూసేవాడు కాదు.
ఎదుటి మనిషి ముఖంలోకి చూసి
"మీ ఆవు ఈనిందా?" అనడిగేవాడు, నిజంగానే కనుక్కుంటూ.
వేలు తన పని తాను చేసుకుపోయేది.
బస్తాల మీద కూర్చుని అంతా చూసేదాన్ని,
ఆరేళ్ళ దాన్ని, జుట్టు నిండా పిండితో.
ఆ పిండితోనే గట్టిపడ్డాయి నా ఎముకలు.
ఈ మఠం గుమ్మంలో నన్ను దించిన రోజు
ఆరు బస్తాల గోధుమపిండి కానుకిచ్చాడు.
అవి మాత్రం నిండుగా తూచాడు.
నాకు తెలుసు. వేలు లోపలికి మడుచుకున్నాడు.

పద్యం కట్టినాయనకి తెలిసినట్టు లేదు
మర మీద పన్నుకొచ్చే దొరగారి కుంచం ఎంత లోతో.
దొరలకి వేరే లోయ ఉంటుందేమోనని
పుటలు తిప్పి చూశాను.
ఉంది. ఎనిమిది పాదాలు.
మరవాళ్ళకి అరవై.

అరవయ్యో పాదం చివర ఒక్క మాట:
ఎప్పటికీ.

సరిగ్గా అక్కడే తోలులో చిల్లు.
దూడ బతికుండగా ఏ జోరీగో కుట్టిన చోటు,
చర్మం సాగదీసినప్పుడు కందిగింజంత తెరుచుకుంది.
చిల్లుని తప్పించి పక్కన రాయడం మాకు అలవాటే.
పక్కన చోటుంది కూడా.

కలం ఎత్తి పట్టుకున్నాను.
సిరాచుక్క మొనకి దిగి వేలాడింది.
నాన్న పోయి నాలుగేళ్ళు. కబురు ఈస్టర్ తర్వాత గాని చేరలేదు.
ఆఖర్న ఏమడిగాడో చెప్పినవాళ్ళు లేరు.
మంచినీళ్ళు అడిగుంటాడు, అందరూ అడిగేదే.

ఆ మాట రాయలేదు నేను.
కింది గీతకి దిగిపోయాను,
ఏమీ ఎరగనట్టు, వేరేవాళ్ళ పాపంలోకి.
చిల్లులోంచి అడుగు పుట తెల్లగా కనిపిస్తోంది.

సాయంత్రం హైల్విగ్ వస్తుంది,
మూలంతో పోల్చుతూ వేలు జరుపుకుంటూ.
పట్టుకుంటే చిల్లు మీదికి నెట్టెయ్యొచ్చు, దూడ మీదికి, ఈగ మీదికి.
పట్టుకోకపోతే
రేపు ఈ పుస్తకం ఏ ఊళ్ళో చదివినా
వినేవాళ్ళకి ఒక మాట తక్కువ తూచినట్టే.
నాకెవరూ నేర్పలేదు. బస్తాల మీద కూర్చుని చూశానంతే.

ఇది నీకు కొసరు, నాన్నా.
ఎంతో కాదు, చిటికెడు.

కలం కింద పెట్టి చెయ్యి విదిలించుకున్నాను.
చలికి తిమ్మిరెక్కిందేమో,
బొటనవేలు బరువుగా ఉంది.