ముడి విప్పితే పది

ఆకు పచ్చదనం వదిలి పసుపెక్కే రాత్రి.
వేడి నూట నాలుగు దాటనీయకూడదు.
మాలకొండయ్య గంటకోసారి టార్చి వేసి
బేరన్ అద్దంలోంచి లోపలి జ్వరం చూసొస్తన్నాడు.
పొయ్యి ముందు గోనెపట్టా పరిచి
నేనూ లాస్యా లెక్కలకి కూర్చున్నాం.

పుస్తకం తెరిస్తేనే దాని కింది పెదవి వణుకుతుంది.
సరే, మూసేశా.

మధ్యాహ్నం రేగుపళ్ళతో మొదలుపెట్టాం.
ఇరవై నాలుగు పోసి నలుగురికి పంచమన్నా.
పంచడం బాగానే పంచింది.
బుడ్డోడు వాడి వాటాతో ఆగలేదు,
నాన్న వాటాలో రెండు, నా వాటాలో మూడు.
"అమ్మా, భాగహారం వీడు తినేశాడు"
అని ఏడవబోయి నవ్వింది లాస్య.
అందరం తిన్నాక గింజలు లెక్కపెడితే
ఇరవై మూడే.
ఒకటి వాడి కడుపులో శేషం.

మొన్న పాలేట్లో ఏరుకొచ్చిన గులకరాళ్ళని
కొబ్బరిచిప్పల తక్కెడలో తూచాం.
పెద్దది ఒకటి, బుల్లివి ఆరు, సరిపోయాయి.
ఏడోది వేస్తే తక్కెడ ఊహూ అంటదంట.
ఆ మాట దానిదే.

ఇప్పుడు తాటీనెలు.
నలభై రెండు చీల్చి, పదేసి ఒక కట్ట,
ఆకు అల్లగా మిగిలిన పురికొసతో ముడి.
నాలుగు కట్టలు, విడిగా రెండు.
అందులోంచి పదిహేడు తీయాల.

"రెండులోంచి ఏడు పోదు."
"పోదు. మరెట్టా?"
"పక్కింటికి పోయి పది అప్పు తెచ్చుకోవాలంట. టీచర్ చెప్పింది."
చెప్పి, కట్ట మీద చెయ్యి వెయ్యకుండా ఆగింది.
"తెచ్చిన పది మళ్ళీ ఎప్పుడిస్తామమ్మా?"

పొయ్యిలో తుమ్మమొద్దు చిటపటమంది.
మాలకొండయ్య టార్చి ఆర్పాడు.

కిందటేడు కొండపి వేలంలో
మూడు బేళ్ళు నోబిడ్డయి తిరిగొచ్చిన రోజు
ఇది మాతోపాటు ట్రాక్టర్ మీదే ఉంది.
నూటికి రెండు, నూటికి రెండున్నర అని
ఆ రాత్రి గడప దగ్గర జరిగిన మాటలన్నీ
నిద్ర నటిస్తా విన్నట్టుంది.
తీసివేత రాక కాదన్నమాట
నెలరోజులుగా నా బిడ్డ ఏడుపు.

నేను చదివింది ఏడో తరగతి.
మా అయ్యవారూ అప్పు అనే చెప్పాడు.
ఇచ్చిన పదుల ఇంటివాళ్ళు ఏమైపోతారని
నేనే రోజూ అడగలా.

"అప్పు కాదులే" అన్నా.
నా గొంతు నాకే కొత్తగా ఉంది.
"ఆ కట్ట ఎవరిది?"
"మనదే."
"కట్టిందెవరు?"
"నేనే."
"మనది మనం విప్పుకుంటే ఎవరికియ్యాల?"

చాలాసేపు చూసింది.
తర్వాత పంటితో ముడి లాగింది.
పది ఈనెలు గోనెపట్టా మీద జల్లుమన్నాయి.
పన్నెండులోంచి ఏడు. అయిదు.
మూడు కట్టల్లోంచి ఒకటి. రెండు.
"ఇరవై అయిదు" అని
నాకు కాదు, చీకట్లో బేరన్‌కి చెప్పింది.
ఇంకోటి ఇవ్వమంది. ఇంకోటి.
ప్రతి ముడినీ పంటితోనే విప్పింది.

నిద్దరొచ్చేముందు కట్టలన్నీ మళ్ళీ కడదామంది.
ఆఖరి కట్టకి తొమ్మిదే ఉన్నాయి.
సాయంత్రం పొయ్యి కెలకడానికి
బుడ్డోడికి ఇంకేం దొరకలేదు కాబోలు.
పట్టా కింద, పొయ్యి చుట్టూ వెతికాం.

మాలకొండయ్య కట్టెల మోపులోంచి పుల్లొకటి పెరికి
మా మధ్య గొంతుక్కూర్చున్నాడు.
"ఇది పనికొస్తదా మీ లెక్కలోకి?"
వంకరది, పొట్టిది, బెరడూడనిది.
లాస్య దాన్ని తిప్పి తిప్పి చూసి
"ఒకటంటే ఒకటే నాన్నా" అని
ముడి వేసింది.

ఆయన మళ్ళీ లేచి అద్దం దగ్గరికి పోయాడు.
"నూట రెండు" అని కేకేశాడు.
నా ఒళ్ళో తలపెట్టుకుని, కళ్ళు మూసే,
"ఇంకో రెండు దాకా పర్లేదు నాన్నా" అంది.