నీలి సున్నా

సోమవారం పది గంటలకు
మోచేతికి నాలుగు వేళ్ల కింద
తోలు పొరల మధ్యకి నీళ్లలాంటి చుక్క.
శనగబద్దంత బుడిపె లేచింది.
దాని చుట్టూ బాల్ పెన్నుతో
సున్నా చుట్టింది సలోమి సిస్టర్.
"గోకకు. రుద్దకు. గురువారం పొద్దు దాటనివ్వకు."
పద్నాలుగేళ్లుగా ఈ మాటలు చెప్పేది నేను.
ఈసారి చెయ్యి నాది.

ఎర్రగడ్డలో మెట్రో ఎక్కి పై కడ్డీ పట్టుకుంటే
కుర్తా చెయ్యి జారింది.
ఎదుటి పిల్ల పచ్చబొట్టనుకుని
"బాగుంది ఆంటీ" అంది.

నిద్రపోయే క్షయ అంటారు దీన్ని.
దగ్గు ఉండదు, జ్వరం ఉండదు,
ఎక్స్‌రే కడిగిన పలకలా ఉంటుంది.
కిరాయి కట్టనివాడెవడో పైవాటాలో
చెప్పులు చేత పట్టుకుని నడుస్తున్నట్టు.
నేను గట్టిగా ఉన్నన్నాళ్లూ గడియ తియ్యడు.

ఎవరిదై ఉంటుంది?
మాస్కు జారిపోయి నా భుజం మీద దగ్గిన
ఆ లక్కగాజుల కుర్రాడిదా?
పదకొండో మంచం మీద నా పేరు అడిగి,
విని, తెల్లారేలోపు పోయిన
మూసాపేట ఆటో మస్తాన్‌దా?
లేక కిటికీలన్నీ బిగించి ఏసీ వేసుకున్న
ఆ ఎండాకాలం చార్జి అప్పగించే గదిదా?
వాళ్ల కేస్ షీట్లు ఏనాడో చెదలు తిన్నాయి.
ఒకరి ఊపిరి మాత్రం నా పక్కటెముకల వెనక
ఫైలు కట్టి ఉన్నట్టుంది.

గురువారం.
సలోమి కళ్లద్దాలు పైకి నెట్టి
వేలికొసతో అంచు వెతికింది.
ఎరుపు లెక్క కాదు, గట్టిదనమే లెక్క.
ప్లాస్టిక్ స్కేలు. "పదిహేడు" అంది.
"పద్నాలుగేళ్ల సర్వీసుకి మూడు ఎక్కువే ఇచ్చారు" అన్నాను.
తను నవ్వింది.
డాక్టరమ్మ మాత్రలు రాసింది, వారానికోసారి, మూడు నెలలు.
"మూత్రం నారింజ రంగులో వస్తుంది, భయపడకండి."
ఎంతమందికి చెప్పానో నేను, భయపడకండి అని.

ముత్తవ్వ పేరు లిస్టులో లేదు.
వార్డులో కళ్లె డబ్బాలు ఎత్తేది ఆమే,
కానీ ఏజెన్సీ మనిషి.
సోమవారం రిజిస్టరు మూసేశాక
సీసాలో ఒక డోసు మిగిలితే
ఆమె చేతికీ సున్నా చుట్టాను.
"గిదేందమ్మ, గిన్నేండ్లు కళ్లెలు కడిగినంక
గిప్పుడు సూస్తున్రా?"

గురువారం రాలేదు.
ఏజెన్సీవాళ్లు కోఠికి డ్యూటీ వేశారట.
శనివారం మాపు కర్రతో వచ్చి చెయ్యి చాపింది.
ఫినాయిల్‌కి సున్నా చెరిగిపోయింది.
గంటలు దాటాయి.
ఫారంలో ఆమెకి గడి లేదు,
ఉన్నా ఇక నింపకూడదు.
కళ్లు మూసుకుని తడిమాను.

"ఉన్నదా?"
"ఉన్నట్టే ఉంది. నిద్రలో ఉండొచ్చు. ఎక్స్‌రే తీయించాలి."
"నయమే. దానికన్న నిద్ర దొరుకుతున్నది" అని
బకెట్ అందుకుంది.

రిజిస్టరు అంచున ఆమె పేరు రాశాను.
అంకె వెయ్యలేదు.
పదకొండో మంచం దగ్గర ఎవరో దగ్గుతున్నారు.
ఇద్దరం ఒకేసారి
మాస్కులు ముక్కు మీదికి లాక్కున్నాం.
నాది కొత్తది.
ఆమెది ఉతికిన గుడ్డ.