ఏడో క్యాసెట్

పూర్ణా మార్కెట్ వెనక పాత రేడియోల కొట్లో
బంగారయ్య వాటిని తూకానికి అమ్మాడు.
బిస్కెట్ల డబ్బాలో ఇరవై మూడు క్యాసెట్లు,
మూత మీద నీలం సిరాతో
‘తత్వము, విజ్ఞానము. ఒకటి నుంచి ఇరవై నాలుగు.’
ఏడోది లేదు.
చెప్పిన మేష్టారి పేరూ లేదు.
"చెరిపేసి పాటలు ఎక్కించుకోమ్మా, టేపు మంచిదే" అన్నాడు.

నాది కాన్వెంట్ జంక్షన్ దాటాక, కాటా దగ్గర రాత్రి డ్యూటీ.
లారీ నిండుగా ఎక్కుతుంది, అంకె రాస్తాను.
ఖాళీగా ఎక్కుతుంది, అంకె రాస్తాను.
రెంటికీ తేడా ఏదో అదే ఖనిజం.
పదకొండేళ్లుగా తీసివేతలే నా జీతం.

మొదటి రాత్రి ఆయన దగ్గాడు.
సుద్దముక్కతో బల్ల మీద రెండుసార్లు కొట్టి
"ఈ బల్ల ఉందని మీకెలా తెలుసు?" అన్నాడు.
నవ్వొచ్చింది.
నాకందింది ఆ చప్పుడొక్కటే కదా,
బల్ల ఏ ఊళ్లోదో, ఆ గది ఉందో కూలిందో.
నవ్వు ఆగాక కాస్త భయమేసింది.

నాలుగో పాఠంలో,
రంగు వస్తువులో ఉందా, కంట్లో ఉందా అని.
తెల్లారి ఇంటికెళ్లి తలంటుకుంటే
బకెట్లోకి ఎర్రనీళ్లు.
జ్ఞానాపురంలో మా వీధి దండేల మీద
తెల్లచీర ఒక్కటీ మిగల్లేదు.
ఆ ఎరుపు నా కంట్లోదే అంటే
పక్కింటి మరియమ్మ ఒప్పుకోదు.

ఆరో పాఠం చివర గొంతు తగ్గించాడు.
"ఇన్నాళ్లూ పొద్దు పొడిచింది గనక
రేపూ పొడుస్తుందని ఏ ధైర్యంతో అంటున్నాం?
రేపు చూద్దాం."
టక్.
ఎనిమిదో పాఠం మొదలు:
"నిన్న తేలింది కదా, ఇక ముందుకు పోదాం."

తేలిందా!
ఎవరి ముందు తేలింది?
ఆ గదిలో కూర్చున్నవాళ్లు జవాబు పట్టుకుని
ఏ సైకిళ్ల మీదో ఇళ్లకి పోయుంటారు.
మూడు ఆదివారాలు బంగారయ్యని విసిగించాను.
"ఏడు మీద ఎవరింట్లోనో భజన ఎక్కేసుంటుందమ్మా,
వదిలేయండి" అన్నాడు.

డాల్ఫిన్స్ నోస్ మీద దీపం అటు తిరిగాక
ఇటు వచ్చేదాకా చీకటి.
వస్తుందని తెలుసు.
ఎలా తెలుసో తెలీదు.
లెక్కపెట్టాను, వచ్చింది.
మళ్లీ లెక్కపెట్టాను.

పదకొండులో రైలు కూత.
పదిహేనులో ఒకమ్మాయి లేచి ఏదో అడిగింది.
మైకు దూరం. గాజులు వినబడ్డాయి, మాట వినబడలేదు.
"మంచి ప్రశ్న, కూర్చోమ్మా" అని ఆయన
కాలం గురించి పావుగంట చెప్పాడు.
ఆ జవాబు చుట్టూ తడిమి తడిమి
ఆమె ప్రశ్న నేనే అడుక్కున్నాను.
ఒక్కోసారి ఆయన జవాబు దానికి సరిపోలేదు.

"ఎంతొచ్చిందమ్మా? బేగి చెప్పండి."
దాలినాయుడు కిటికీ కొడతాడు.
"చెవిలో ఏటవి, పాటలా?"
"పాఠాలు."
"పరీక్షలేటైనా రాస్తారేటి?"
లేదన్నాను.
చీటీ మడిచి జేబులో పెట్టుకుని
"మరి దేనికండీ?" అన్నాడు.
నిజంగానే అడిగాడు, ఎగతాళి లేదు.
ఇంజను ఆపి మరీ నిలబడ్డాడు.
ఇరవై మూడింటిలో ఎక్కడా లేదు దానికి జవాబు.
వెనక లారీ హారన్ కొట్టింది.

తుపాను హెచ్చరిక ఉన్న రాత్రి బళ్లు రాలేదు.
కొత్త క్యాసెట్ మీద ‘ఏడు’ అని రాసి
ఎర్ర బొత్తాం నొక్కాను.
దగ్గాను, కావాలని కాదు.
"పోయిన పాఠంలో ఏమనుకున్నామంటే" అన్నాను.
తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు.

ఇప్పుడు వింటే అందులో గాలి, పైకప్పు రేకులు.
కాటా మీద ఏమీ లేదు,
అయినా అంకె కదిలినట్టుంది.
అలవాటుకొద్దీ పైకి చదివాను:
ఇరవై. నలభై. ఇరవై.
సున్నా.

రెండో వైపు ఇంకా ఖాళీయే.