చేబదులు

మూడు నెలలకోసారి
స్ట్రాథల్బిన్ దాటాక మట్టిరోడ్డెక్కుతుంది నా వ్యాను.
ఊరి మురుగు కాలువ అందని ఇళ్ళకు
పెరటి ట్యాంకుల నాడి చూసే ఉద్యోగం నాది.

మొరీన్ ట్రెగెంజా గారి ట్యాంకు పచ్చ మూత తీస్తే
ముందు వాసన పలకరిస్తుంది,
తర్వాత గాలిపంపు గురక.
మొదటి అరలో ఇల్లంతా ఉంటుంది:
అంట్ల నీళ్ళు, స్నానం,
రాత్రి ఎన్నిసార్లు లేచారన్న లెక్క.
చివరి అరలో గొట్టం నిండా క్లోరిన్ బిళ్ళలు.

"ఈ ఏడాది ఇది నాలుగో కోర్సమ్మాయ్"
వాన సంగతి చెప్పినట్టు
మూత్రంలో మంట సంగతి చెబుతుందావిడ.
మొదటి మందు పనిచెయ్యలేదట. రెండోదీ అంతేనట.

ఒంట్లో నిలవని మందు ఇక్కడికే దిగుతుంది
పలచబడి, చంపలేని మోతాదులో.
చావనివాటికి అదే బడి.

నేర్చింది అవి దాచుకోవు.
కడుపున పుట్టినవాటికే ఇవ్వాలన్న పట్టింపు లేదు,
ఇంటిపేరు అడగవు.
పిట్టగోడ మీంచి గిన్నె చాస్తే
వేసినట్టు ఒక్క చెంచా తోడు,
తెల్లారేసరికి పక్కింటి పాలూ పెరుగే.
నోటు లేదు, సాక్షి లేడు,
తిరిగిమ్మని అడిగిన పాపాన పోవు.

క్లోరిన్ చంపుతుంది, నిజమే.
చచ్చినదాని పొట్ట పగిలి
లోపలి చీటీ నీళ్ళలో తేలుతూనే ఉంటుంది,
చదవగలిగినది వచ్చి ఎత్తుకునేదాకా.

నా ఫారంలో దానికి గడి లేదు.
బురద మట్టం, సరే. పంపు, సరే. మిగులు క్లోరిన్, సరే.
యూనివర్సిటీ కుర్రాడు అడిగాడని
ఒక సీసా మాత్రం వేరే నింపి ఐసుపెట్టెలో పెడతాను.
పోయినసారి సీసాలో ఏం దొరికిందో ఫోన్లో చెప్పాడు.
మూడు పేర్లు, కారు నంబర్లలా ఉన్నాయి.
ఆవిడ ఫ్రిజ్ తలుపు మీది మందుల చీటీలో
మూడింటికీ మొగుళ్ళవి.

ఆవిడతో అనలేదు.
అవి ఆవిడవేనని ఎవరు చెప్పగలరు?
సెలవులకొచ్చిన మనవలవి కావచ్చు.
కిందటి చలికాలం మా వాడి చెవిపోటు తగ్గగానే
మిగిలిన సిరప్పు సింకులో వంచేశాను నేను.
మా టౌను నీళ్ళకు పెరట్లో మూత లేదు,
తీసి నా మొహంలోకి చూసే మనిషీ లేదు.

"ట్యాంకుకి మంచిదని నెలకో కప్పు పెరుగు పోస్తున్నా,
మానెయ్యనా?" అంది.
నవ్వొచ్చింది. సగంలో ఆగింది.
వాటికి తోడుకేం కొదవలేదు అందామంటే
ఆవిడ భాషలో తోడుకి మాట దొరకలేదు.
"అక్కర్లేదులెండి" అన్నాను.

సాయంత్రానికి లేత ఊదారంగు గొట్టంలో నీళ్ళు కదిలి
గడ్డి మీద స్ప్రింక్లర్ తిరగడం మొదలెట్టింది.
'తాగరాదు' అన్న బోర్డు కిందే
ఒక మ్యాగ్‌పై పక్షి ముక్కు ముంచి, తలెత్తి, మింగి,
సరస్సు వైపు ఎగిరింది.

మళ్ళీ ఆగస్టులో, అని కార్డు మీద రాసి
గేటు సందులో గుచ్చాను.